వజ్రకరూరు దారిలో నీడ, నీళ్లు, మరుగు

ఉద్యోగం అయిపోయాక ఇల్లూ వాకిలీ చక్రాల మీద పెట్టుకుని దేశం తిరగడం అమెరికాలోనూ ఆస్ట్రేలియాలోనూ పాత ముచ్చటే. అయోవా రాష్ట్రంలోని విన్నెబాగో కంపెనీ 1966లో మోటర్‌హోముల తయారీకి దిగిన తర్వాత మధ్యతరగతి దంపతులకు కూడా అవి అందుబాటులోకి వచ్చాయి. పిల్లల దగ్గర ఆరు నెలలు ఉండి వచ్చే మన తల్లిదండ్రులు ఆ బళ్లను హైవేల మీద చూసి ముచ్చటపడతారు. 2021లో కేరళ ప్రభుత్వం కారవాన్ టూరిజానికి ఒక విధానం ప్రకటించింది. మనకూ అలాంటి బళ్లు రావాలి, వాటిని నిలిపే పార్కులు కట్టాలి అనే మాట తెలుగునాట కూడా వినపడుతోంది. వస్తే మంచిదే. అయితే ఆ బండిలో ఏముందని దంపతులు అంత మోజు పడుతున్నారో ఒకసారి లెక్క చూడాలి. పడక ఉంది, పొయ్యి ఉంది, నీళ్ల ట్యాంకు ఉంది, మరుగుదొడ్డి ఉంది. మొదటి రెండూ మన ఊళ్లలో ఎక్కడైనా దొరుకుతాయి. లాడ్జి లేని టౌను లేదు, హోటలు లేని సెంటరు లేదు. దొరకనివి తర్వాతి రెండు, వాటితో పాటు కాసేపు కూర్చోవడానికి ఇంత నీడ. మన ముసలివాళ్ల ప్రయాణాలకు అడ్డుపడుతున్నది బండి లేకపోవడం కాదు, దారిలో ఈ మూడూ లేకపోవడం అని నేనంటాను. అనంతపురం జిల్లాలో వజ్రకరూరు మీదుగా సాగే ఒక్కరోజు ప్రయాణాన్ని దగ్గరగా చూస్తే ఈ సంగతి తేలిపోతుంది.

అసలు మోటర్‌హోములున్న దేశాల్లోనే చుట్టుపక్కల చూసి రావడానికి ఆ బండిని వాడేవాళ్లు తక్కువ. బస్సంత వాహనాన్ని క్యాంపులో నిలిపి, నీళ్ల గొట్టం, కరెంటు తీగ, మురుగునీటి పైపు తగిలించాక, ఒక పూట షికారు కోసం అవన్నీ ఊడదీసి మళ్లీ తగిలించడం పెద్ద పని. అందుకే చాలామంది బండి వెనక చిన్న కారు కట్టి లాక్కుపోతారు. పెద్ద బండి క్యాంపులో ఉంటుంది, దంపతులు కారులో పొద్దున వెళ్లి సాయంత్రానికి వస్తారు. అంటే అక్కడ కూడా రాత్రికి బస ఒకటి, పగటికి ప్రయాణం ఒకటి. అనంతపురంలోనో గుంతకల్లులోనో ఒక గది తీసుకుని, ఒక కారు మాట్లాడుకుంటే మన దంపతులకూ సరిగ్గా ఆ ఏర్పాటే అమరుతుంది. తేడా ఒక్కటే. వాళ్లు కారులో వెళ్లిన చోట పార్కింగ్ పక్కనే శుభ్రమైన బాత్రూం, తాగునీటి కుళాయి, చెట్టు కింద బల్ల ఉంటాయి.

ఇక్కడే మొదటి అభ్యంతరం వస్తుంది. ఎండిన నేల చూడ్డానికి ఎవరొస్తారు, అరకు ఉంది, కోనసీమ ఉంది, పాపికొండలున్నాయి కదా అంటారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు కురిస్తే గొప్ప అనుకునే జిల్లాను చూసి సొగసైన చోటు అనడం చాలామందికి ఎగతాళిగా తోస్తుంది. దీనికి అరిజోనా ఎడారిలోని క్వార్ట్‌సైట్ అనే చిన్న ఊరే జవాబు. కాపురముండేవాళ్లు రెండు మూడు వేలకు మించరు. వాన మన అనంతపురం కంటే మరీ తక్కువ. చలికాలం వచ్చేసరికి ఆ ఊరి చుట్టూ కనుచూపుమేర మోటర్‌హోములే, వాటిలో వచ్చేవాళ్లలో ఎక్కువమంది రిటైరైనవాళ్లే. మంచు దేశాల నుంచి ఎండ కోసం వస్తారు, వచ్చాక రాళ్లూ రత్నాల సంతలో తిరుగుతారు. పచ్చదనం లేని చోట కంటికి ఆకాశం, కొండ, దూరం కనిపిస్తాయి. కోస్తా నుంచి వచ్చినవాడికి ఉరవకొండ పరిసరాల్లో మొదట తెలిసొచ్చేది అడ్డం లేని చూపే. చెట్లు తక్కువ కాబట్టి నేల ఎలా పరుచుకుందో, బండలు ఎలా పేరుకున్నాయో, నల్లరేగడి ఎక్కడ మొదలై ఎర్రనేల ఎక్కడ ఆగిందో కారు కిటికీలోంచే కనిపిస్తుంది. మెట్లెక్కలేని వయసులో కూర్చున్న చోటు నుంచే ఇంత కనబడటం చిన్న సౌకర్యం కాదు.

అనంతపురం నుంచి ఉరవకొండ వైపు బయల్దేరితే దారిలో కూడేరు, ఆ తర్వాత పెన్న ఒడ్డున పెన్నహోబిలం లక్ష్మీనరసింహస్వామి గుడి. స్వామి పాదముద్ర మీద వెలసిన క్షేత్రమని భక్తుల నమ్మకం. గుడికి కాస్త దూరంలో పెన్నహోబిలం బ్యాలెన్సింగ్ రిజర్వాయరు. తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లు ఇందులోకి చేరుతాయి. తన పేరున్న చోటే పెన్న చాలా నెలలు ఇసుకగా ఉంటుంది, జలాశయంలో కనిపించేది మాత్రం మరో నది నీరు. ఇంకొంచెం ముందుకు పోతే వజ్రకరూరు మండలంలో హంద్రీ-నీవా కాలువ ఎదురవుతుంది. శ్రీశైలం వెనకజలాల నుంచి, మల్యాల దగ్గర మొదలుకొని మెట్టు మెట్టుగా ఎత్తిపోసిన కృష్ణ నీళ్లు ఈ పీఠభూమి మీదికి ఎక్కి వస్తున్నాయి. కాలువ గట్టు మీద ఐదు నిమిషాలు నిలబడితే చాలు, పారే నీటికి ఈ నేల ఎంత మొహంవాచిందో చెప్పకుండానే అర్థమవుతుంది. గుట్టల మీద వరసగా గాలిమరలు. నైరుతి రుతుపవనం పడమటి కనుమల మీద వాన దించేసుకుని ఈ వైపు ఒట్టి గాలిగా వస్తుంది. వాన ఎగ్గొట్టిన ఆ గాలే ఇప్పుడు కరెంటు ఇస్తోంది. కరువు ఎందుకొచ్చిందో వివరించడానికి ఇంతకంటే పెద్ద బొమ్మ ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండదు.

ఇక వజ్రకరూరు. పేరు విని వెళ్లినవాడికి ఊళ్లో మెరిసేదేమీ కనిపించదు. కనిపించేది కింబర్‌లైట్ అనే రాయి. నూటపది కోట్ల ఏళ్ల కింద, నూటయాభై కిలోమీటర్లకు మించిన లోతు నుంచి కరిగిన రాయి గొట్టంలా పైకి చీల్చుకుని వచ్చింది. అంత లోతున, అంత ఒత్తిడిలో తయారైన వజ్రాలను తనతో పైకి తెచ్చింది. వజ్రకరూరు, లత్తవరం చుట్టుపక్కల ఇలాంటి గొట్టాలు చాలా ఉన్నాయి. అన్నింటిలోనూ వజ్రాలుండవు. భూగర్భ సర్వే సంస్థ ఇక్కడ ఒక కింబర్‌లైట్ మ్యూజియం నడుపుతోంది. తెరిచి ఉందో లేదో ముందే కనుక్కుని వెళ్లడం మంచిది. తాజా కింబర్‌లైట్ నీలం కలిసిన బూడిద రంగులో, అక్కడక్కడ ఆకుపచ్చ మచ్చలతో ఉంటుంది. ఎండకూ వానకూ గురైతే పసుపు పచ్చగా పొడిబారిపోతుంది. భూగర్భ శాస్త్రవేత్తలు నేరుగా వజ్రం కోసం వెతకరు. వంకల్లోని ఇసుక జల్లించి, నేరేడు పండు రంగులో ఉండే గార్నెట్ గింజల వంటి ఆనవాళ్ల కోసం చూస్తారు. ఆ గింజలు ఎటు నుంచి కొట్టుకొచ్చాయో పట్టుకుంటే గొట్టం దొరుకుతుంది. జీవితమంతా ఆఫీసులోనో బడిలోనో గడిపినవాళ్లకు ఇది గంటసేపు కబుర్లు చెప్పుకోవడానికి సరిపడే సంగతి.

తొలకరి వానలు పడగానే ఈ చుట్టుపక్కల పొలాల్లోకి జనం వచ్చిపడతారు. మట్టి కడిగేసిన రాళ్ల మధ్య ఒక మెరుపు కనబడుతుందేమోనని నడుం వంచి, గట్టు నుంచి గట్టు దాకా నేల చూసుకుంటూ పోతారు. కర్నూలు వైపు జొన్నగిరి, తుగ్గలి పొలాల్లోనూ ఇదే తంతు. దొరికినవాళ్ల కథలు పేపర్లో వస్తాయి, దొరకని వేలమంది కథలు రావు. విత్తనం వేయబోయే పొలం తొక్కుడుపడి రైతులు గొడవ పడటం కూడా ఏటా ఉన్నదే. పర్యాటకం పెంచితే ఈ రద్దీ ఇంకా పెరగదా అని అడిగేవాళ్ల మాటలో న్యాయముంది. ఆర్కాన్సా రాష్ట్రంలో మర్‌ఫ్రీస్‌బరో ఊరి దగ్గర ఇదే సమస్యను మరోలా తేల్చుకున్నారు. 1906లో ఒక రైతు పొలంలో వజ్రాలు బయటపడ్డాయి. 1972లో రాష్ట్రం ఆ చోటును పార్కు చేసింది. సుమారు 37 ఎకరాల పొలాన్ని అప్పుడప్పుడు దున్ని ఉంచుతారు. టికెట్టు కొని ఎవరైనా వెతుక్కోవచ్చు, దొరికింది వాళ్లదే, అది వజ్రమో గాజురాయో సిబ్బంది ఉచితంగా చూసి చెబుతారు. మొదటి నుంచి ఇప్పటిదాకా 75 వేలకు పైగా వజ్రాలు తేలాయని లెక్క. మట్టి కడుక్కోవడానికి పైకప్పున్న తొట్లు, పక్కనే మోటర్‌హోములు నిలుపుకునే స్థలం. మన గనుల చట్టాలు వేరు, అదే పద్ధతిని ఇక్కడ దించేయలేం. కానీ ఒక హద్దు గీసి, ఇక్కడ చూడండి, అటు పొలాల్లోకి పోవద్దు అని చెప్పడానికి చట్టాలేవీ అడ్డురావు. చూసే చోటంటూ లేకపోవడం వల్లే జనం చేలల్లోకి పోతున్నారు.

మోటర్‌హోమ్‌ను మెచ్చుకునేవాళ్లు వంటగది గురించి గొప్పగా చెబుతారు. మన ఇళ్ల సంగతి తెలిసినవాళ్లెవరైనా ఆ వంటగదిలో ఎవరు నిలబడతారని వెంటనే అడుగుతారు. నలభై ఏళ్లు వండి పెట్టిన ఇల్లాలికి షికారులో కూడా స్టవ్వు ఎదురైతే ఆవిడకు అది షికారు కాదు, వంటిల్లు ఊరు మారినట్టు లెక్క. గుంతకల్లు, ఉరవకొండ వైపు ఏ చిన్న హోటలుకు వెళ్లినా పొద్దున్నే ఉగ్గాని సిద్ధంగా ఉంటుంది. బొరుగులు నీళ్లలో ముంచి గట్టిగా పిండి, ఉల్లిపాయ, పచ్చిమిరప, పసుపు వేసిన తాళింపులో కలిపి, పైన పప్పుల పొడి చల్లి నిమ్మకాయ పిండుతారు. పళ్లు సరిగా లేనివాళ్లకూ మెత్తగా, తేలిగ్గా పోతుంది. పక్కన వేసే మిరపకాయ బజ్జీ విషయంలో మాత్రం ఎవరి కడుపు సంగతి వాళ్లే చూసుకోవాలి. తిండి ఈ దారిలో ఏ మూలా కొరత కాదు, ధర కూడా బరువు కాదు.

కొరత ఎక్కడో చెప్పడానికి గుత్తి కోట కథ బాగా పనికొస్తుంది. గుంతకల్లు దాటి తూర్పుకు పోతే మైదానం మీద మూడు వందల మీటర్ల ఎత్తున ఒంటి కొండలా లేస్తుంది గుత్తి. విజయనగర రాజుల తర్వాత మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే చేతికి వచ్చింది. 1776లో హైదరాలీకి ఈ కోట లొంగింది నీళ్లు అయిపోయినందువల్లే. ముట్టడి నెలల తరబడి సాగి, లోపలున్న జనానికీ పశువులకూ తాగునీరు చాలక మురారిరావు దిగిరావలసి వచ్చింది. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1827 జులైలో పత్తికొండ దగ్గర కలరాతో చనిపోతే మొదట పాతిపెట్టింది ఈ గుత్తిలోనే. కోటను లొంగదీసింది నీటి కరువు, గవర్నరును తీసుకుపోయింది నీటి రోగం. అరవై ఐదు దాటినవాళ్లు కోట ఎక్కాలని పట్టుపట్టనక్కర్లేదు. కింద నుంచి చూసినా కొండ అంచున ప్రాకారాలు మలుపులు తిరగడం స్పష్టంగా కనిపిస్తుంది. ఆ కింద నిలబడి చూసేవాళ్లకు ఒక బెంచీ, ఒక కుళాయి, ఒక బాత్రూం ఉంటే కోట ఎక్కనివాళ్ల ప్రయాణం కూడా దండగ కాదు.

బాత్రూం మాట పదేపదే ఎత్తడం కొందరికి మోటుగా అనిపించవచ్చు. అయినా తప్పదు, ముసలితనపు ప్రయాణాన్ని నడిపేది ఆ మాటే. షుగరు ఉన్నవాళ్లు, బీపీకి నీరు దించే మాత్రలు వేసుకునేవాళ్లు, ప్రోస్టేట్ వాచిన మగవాళ్లు గంటకూ రెండు గంటలకూ దిగాల్సి వస్తుంది. మగవాళ్లు తుమ్మచెట్టు చాటు వెతుక్కుంటారు. ఈ పీఠభూమిలో ఆ చాటు కూడా కరువే, కిలోమీటరు దూరం నుంచి మనిషి కనబడతాడు. ఆడవాళ్లు వేరే దారి పట్టారు. ప్రయాణం అనగానే ముందు రోజు రాత్రి నుంచే నీళ్లు తగ్గిస్తారు. బస్సులో సీసా ఒళ్లో ఉన్నా పెదవి తడుపుకోరు. ఎండ ప్రాంతంలో పెద్ద వయసులో ఇలా నీళ్లు మానుకుంటే కళ్లు తిరుగుతాయి, మూత్రంలో మంట మొదలవుతుంది, బీపీ మాత్ర వేసుకున్నవాళ్లు లేచి నిలబడగానే తూలిపోతారు. ఇంటికి వచ్చాక జ్వరం పడితే, ఆ వయసులో తిరుగుళ్లెందుకు అని పిల్లలు కోప్పడతారు. తిరగడం వల్ల వచ్చిన జబ్బు కాదది, ఆపుకోవడం వల్ల వచ్చింది. అమెరికా దంపతులు లక్షల డాలర్లు పోసి బండి కొనేది కొండలు చూడ్డానికే అనుకుంటాం గానీ, ఎక్కడ ఆగినా మంచానికి నాలుగడుగుల దూరంలో ఉండే కమోడ్ కూడా ఆ డబ్బులో ఉంది.

పెట్రోలు బంకుల్లో ఉన్నాయి కదా అంటారు. పెద్ద రహదారి మీద నిజమే, బంకుల్లో తాగునీరు, బాత్రూం ఉచితంగా ఉంచాలన్న నియమమూ ఉంది. కానీ ఉరవకొండ నుంచి వజ్రకరూరు మీదుగా గుంతకల్లు పోయే లోపలి దారిలో బంకులు ఎన్ని, వాటిలో తాళం పడనివి ఎన్ని? తెరిచినా కింద కూర్చునే రకమే ఎక్కువ. మోకాళ్లు అరిగినవాళ్లు కూర్చోగలిగినా లేవలేరు. కమోడ్, గోడకు ఒక ఇనుప పట్టు, జారని నేల అంతకంటే ఖరీదైనవేమీ కావు. కట్టడం తేలికే, నడపడమే కష్టం, పంచాయతీ కట్టిన వాటికి ఎన్ని చోట్ల తాళాలు వేలాడటం చూడలేదు అనే అభ్యంతరం మాత్రం బలమైనది. దానికి సులభ్ సంస్థ అనుభవమే ఉంది. 1974లో పాట్నాలో డబ్బు తీసుకుని వాడుకోనిచ్చే మరుగుదొడ్డి పెట్టినప్పుడు దీనికి ఎవరు డబ్బిస్తారని నవ్వినవాళ్లున్నారు. జనం ఇచ్చారు, ఇప్పటికీ దేశమంతా ఇస్తున్నారు. శుభ్రంగా ఉంటే పది రూపాయలు పెద్ద లెక్క కాదు. ఉగ్గాని హోటలు నడిపేవాళ్లకో, ఊళ్లోని పొదుపు సంఘం మహిళలకో అప్పగిస్తే, దానిమీద నాలుగు రాళ్లు వస్తాయి కాబట్టి వాళ్లే తాళం తీసి ఉంచుతారు. ఇంకో మాట. మోటర్‌హోమ్‌లోని బాత్రూం ఒక జంటకే పనికొస్తుంది. దారి పక్కన కట్టింది వేరుశనగ పీకడానికి ఆటోల్లో పోయే కూలి ఆడవాళ్లకూ, సంతకు పోయేవాళ్లకూ అక్కరకొస్తుంది. ప్రభుత్వ సొమ్ము ఎటు పోవాలన్నప్పుడు కారవాన్ పార్కు కంటే నేను దీనికే ఓటేస్తాను.

ఇదేదో కొత్తగా పుట్టిన కోరిక కాదు. గుత్తికి దగ్గర్లోనే, జొన్నగిరి పక్కన ఎర్రగుడి గుండ్ల మీద అశోకుడి శాసనాలున్నాయి. 1920ల చివర్లో ఖనిజాల కోసం తిరుగుతున్న ఒక భూగర్భ శాస్త్రవేత్త కంట పడ్డాయి. అక్కడున్న పద్నాలుగు పెద్ద శాసనాల్లో రెండోదాని సారాంశం వైద్యం, మందుమొక్కలు, ఆపైన మనుషులకూ పశువులకూ దారుల వెంట బావులు, చెట్లు. రెండువేల రెండు వందల ఏళ్ల కింద ఈ ఎండ నేలలో రాజు రాతిమీద రాయించుకున్న గొప్ప దారి పక్కన నీళ్లూ నీడానూ. ఇంకా దగ్గరికొస్తే ఏనుగుల వీరాస్వామయ్య ఉన్నారు. 1830 మేలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా వెళ్లి, మరుసటి ఏడు సెప్టెంబరులో తిరిగి వచ్చారు. పల్లకీ, గుడారాలు, నూరుమందికి చేరువైన పరివారం. అది ఆనాటి మోటర్‌హోమే. అంత వెంట ఉన్నా ఆయన కాశీయాత్ర చరిత్రలో ఊరూరా రాసుకున్నది అక్కడ నీళ్లు ఎలా ఉన్నాయి, అంగళ్లున్నాయా, దిగడానికి సత్రమో తోపో ఉందా అన్నదే. గుడారం మోసుకుపోయినవాడికి కూడా దారి మంచిదైతేనే ప్రయాణం సాగింది.

కారు మాట్లాడుకునే స్తోమత లేనివాళ్ల సంగతేమిటన్నది చివరి ప్రశ్న. రైళ్లలో వృద్ధుల రాయితీ 2020 మార్చిలో ఆగిపోయింది. ఆర్టీసీ బస్సుల్లో మాత్రం అరవై దాటినవాళ్లకు 25 శాతం తగ్గింపు ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలోని ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌ల్లో టికెట్టే లేదు. కాబట్టి ఆవిడ ఉచితంగా, ఆయన ముప్పావు ధరకు ఉరవకొండ, గుంతకల్లు చూసి రావచ్చు. ఇంట్లో ఖర్చు లెక్కలు రాసే ఆయనకు ఇది కొంచెం చిన్నతనంగా ఉంటే ఉండవచ్చు. బస్సులో పోతే వజ్రకరూరు, గుత్తి రెండూ ఒకే రోజు పెట్టుకోకూడదు. కారైతే అనంతపురం నుంచి పెన్నహోబిలం, ఉరవకొండ, వజ్రకరూరు, గుంతకల్లు, గుత్తి చుట్టి తిరిగి రావడం రెండు వందల కిలోమీటర్లలోపే. ఎర్రగుడిని కలుపుకుంటే గుత్తికి ఎండ తగ్గేలోపు చేరేలా పొద్దున్నే బయల్దేరాలి. మార్చి నుంచి జూన్ దాకా ఈ వైపు రావద్దు. సెప్టెంబరు వానల్లో నల్లరేగడి దారుల్లో చిన్న కారే దిగబడుతుంది, ఇక బస్సంత మోటర్‌హోమ్ సంగతి చెప్పనక్కర్లేదు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. రేగడి చేలల్లో పప్పుశనగ పచ్చగా ఉంటుంది, గాలి చల్లగా ఉంటుంది. పంచాయతీ బాత్రూములు కట్టేదాకా, ఉరవకొండలో టిఫిను తిన్నచోటే, గుంతకల్లులో భోజనం చేసినచోటే ఆ అవసరం తీర్చుకునేలా రోజును మలుచుకుని, మధ్యలో నీళ్లు మానకుండా తాగుతూ వెళ్లాలి.